నాలుగో ఏడు జీతం ఎవరిస్తారు?

చిరంజీవి ప్రసన్నకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, తగ్గిందని మాత్రం ఒప్పుకోదు. ఫోన్ చేస్తే "క్లాసుంది నాన్నా, మళ్ళీ చేస్తా" అని పెట్టేస్తున్నావు, అందుకని కాగితం తీశాను. పనిగట్టుకుని ఏదో అడగాలని కాదు.

కోతలు మొదలయ్యాయి. మెషిన్ వాడు గంటకు అడిగే రేటు వింటే కొడవలి పట్టుకోవడమే నయమనిపిస్తోంది. నల్లగేదె ఈనింది, ఈసారి కూడా దున్నదూడే. సుబ్బులత్త మనవడికి కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చింది, ఊరంతా లడ్డూలు పంచింది. మొన్న శేషుగాడు వచ్చాడు. మాటల మధ్య ఒకటన్నాడు: మీ కాలేజీకి బ్యాంకు వాళ్ళు వస్తే నువ్వు పేరివ్వలేదట, ఒడిశాలో కొరాపుట్ కొండల్లో ఏదో రైతుల కంపెనీకి వెళ్తానన్నావట. వాడు చెప్పేదాంట్లో సగం గాలి. నేను పట్టించుకోలేదు.

అన్నట్టు మీ ఇర్మాను, అదే గుజరాత్ ఆనంద్‌లోని మీ గ్రామీణ మేనేజ్‌మెంట్ కాలేజీని, 2025లో త్రిభువన్ సహకారీ యూనివర్సిటీ చేశారు కదా, నీ సర్టిఫికెట్ మీద ఏ పేరుంటుందో ఆఫీసులో కనుక్కో. అమూల్ కురియన్ గారు 1979లో పెట్టిన కాలేజీ అని నేను మన పాల సంఘంలో అందరికీ చెప్పి ఉన్నాను. త్రిభువన్‌దాస్ గారి పేరు పెట్టడం నాకు సంతోషమే. 1946లో ఖేడా రైతులను కూడగట్టింది ఆయనే, కురియన్ గారు ఆనంద్‌లో దిగింది 1949లో. పాల సంఘం పెట్టాలనుకున్న పల్లె వాళ్ళు ముందు, ఇంజనీరు తర్వాత. ఆ కురియన్ గారు పాలు తాగేవారు కాదట. అది మాత్రం ఆయన్ని చూసి నేర్చుకోకు. రాత్రి ఒక గ్లాసు తాగి పడుకో.

పాలంటే గుర్తొచ్చింది. వెంకాయమ్మ సంగతి చెప్పానా? చెప్పే ఉంటాను, మళ్ళీ విను. మన సంఘం పాల కేంద్రంలో ఇప్పుడున్న మెషిన్లు అప్పుడు లేవు. గాజు గొట్టంలో యాసిడ్ పోసి, పాలు పోసి, గిరగిరా తిప్పి వెన్న శాతం చూడాలి. అందరి గేదె పాలకూ ఆరున్నర, ఏడు వస్తుంటే వెంకాయమ్మ పాలకు నాలుగున్నర దాటేది కాదు. నీళ్ళు కలుపుతోందని ఊళ్ళో ఒకటే గోల. పాలలో నీళ్ళు పట్టే లాక్టోమీటర్ వేస్తే 30 పైనే నిలబడేది. నీళ్ళు కలిపితే అది కిందికి దిగాలి కదా? పట్నం నుంచి వచ్చే సూపర్‌వైజరుకు అదంతా అనవసరం. బాగా చదువుకున్నవాడు, బండి కూడా దిగకుండా "కార్డు కొట్టేయండి" అన్నాడు. వెంకాయమ్మ క్యాను తెచ్చి కేంద్రం మెట్ల మీద బోర్లించి, మూడు తరాలు తిట్టింది. అందులో మీ తాతయ్య కూడా ఉన్నారు.

మర్నాడు తెల్లారకుండా నేను వాళ్ళ కొట్టం దగ్గరికి వెళ్ళాను. ఏం మాట్లాడలేదు, అరుగు మీద కూర్చుని చూశాను. ఆవిడ చేపుకు దూడను ఒక్క క్షణం వదిలి లాగేసి, గబగబా రెండు లీటర్లు పిండి, మిగిలినదంతా దూడకు వదిలేస్తోంది. ఆఖరి ధారల్లోనే కదా వెన్నంతా ఉండేది! దూడ చూస్తే ఏనుగు పిల్లలా ఉంది. ఒక చన్ను దూడకు వదిలి, మిగతా మూడూ చివరి దాకా పిండమన్నాను. ఆ వారమే ఆరు దాటింది. సంతోషిస్తుందనుకుంటే, "ఇన్నాళ్ళూ నా డబ్బంతా ఈ పెయ్య తాగిందన్నమాట, తాగనీలే, రేపు పాలిచ్చేది అదేగా" అంది. ఆ సూపర్‌వైజరుకు తర్వాత ప్రమోషన్ వచ్చింది, అది వేరే సంగతి.

ఇదంతా ఎందుకు మొదలుపెట్టానంటే, నిన్ను పల్లెలో పని చెయ్యొద్దని నేననను. నేను చేసింది అదే. అయితే శేషు చెప్పింది నిజమే అయితే (నిజమని కాదు), ఆ కంపెనీలో జీతమెంతని కాదు, ఎవరిస్తారని అడుగు. కేంద్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన పదివేల ఎఫ్‌పీఓల (ఇలాంటి రైతు ఉత్పత్తిదారుల సంఘాల) పథకంలో ఒక్కోదానికి మూడేళ్ళకు 18 లక్షల దాకా ఇస్తారు. సీఈఓ జీతం, అకౌంటెంటు జీతం, ఆఫీసు అద్దె అన్నీ అందులోవే. నాలుగో ఏడు? అప్పటికి సభ్యుల వ్యాపారం మీదే నీ జీతం రావాలి. వాళ్ళు సరుకు కంపెనీకి వేస్తున్నారా, వాటా కట్టి మళ్ళీ షావుకారు దగ్గరికే పోతున్నారా? మన సంఘం నిలబడిందంటే పొద్దునా సాయంత్రం పాలు పడ్డాయి కాబట్టి. అల్లం, పసుపు అయితే ఏడాదికొక పంట. మిగతా నెలలు ఆఫీసు తాళం ఎవరు తీస్తారమ్మా?

లెక్చరు ఇవ్వకూడదనుకున్నాను. సరే.

చదువు అప్పు గురించి బెంగ పెట్టుకోకు. కోర్సు అయ్యాక ఏడాది దాకా కిస్తీలుండవు, తర్వాత నేనున్నాను. కాస్త బెంగ పెట్టుకున్నా తప్పు లేదు, కాగితాల మీద నా సంతకం కూడా ఉంది. బ్యాంకులో రెండేళ్ళు చేసి, అప్పు తీర్చి, ఆ తర్వాత కొండలెక్కితే కొండలేమన్నా కరిగిపోతాయా? అంత సహకారమే కావాలంటే ములుకనూరు మహిళా డెయిరీ లేదా, రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఇంటికొస్తావు. అప్పుడూ అంతే, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో గ్రామీణాభివృద్ధి సంస్థ ఎన్ఐఆర్‌డీలో ఇదే చదువుంది అంటే వినలేదు. పెద్దత్త మళ్ళీ సంబంధం అంటోంది. చదువవనీ అని చెప్పి పంపాను, ఆ మాట ఎన్నాళ్ళు పనిచేస్తుందో.

ఫీల్డ్ వర్క్ అప్పుడు ఊళ్ళో సిగ్నల్ లేదన్నావు, నమ్మాను. ఇప్పుడున్నది క్యాంపస్ కదా. మీ అమ్మ రోజూ నా ఫోన్ తీసి నీ వాట్సాప్‌లో 'లాస్ట్ సీన్' చూస్తుంది, రాత్రి ఒంటిగంట దాకా మేలుకుంటున్నావట. అక్కడ చలి మొదలైంది, స్వెటర్ పెట్టె అడుగున ఉంది, తీసి ఎండలో వేసుకో. గోంగూర పచ్చడి కలిపి ఉంచింది. నూనె సీసా అని కొరియర్ వాడు తీసుకోలేదు, శేషు మళ్ళీ అటు వస్తే పంపుతాను. కొరాపుట్ వైపు మలేరియా ఎక్కువ. ఊరికే చూసి రావడానికి వెళ్ళినా సరే, దోమతెర పట్టుకెళ్ళు.

ఇట్లు,
మీ నాన్న

మరిచాను. ఆ కంపెనీ ఆడిట్ రిపోర్టు రెండేళ్ళది దొరికితే ఫోటోలు తీసి పంపు. అప్పుల పేజీ, సభ్యుల దగ్గర కొన్న సరుకు పేజీ సరిగ్గా కనపడేలా తియ్యి, నా కళ్ళద్దాలు మార్చాల్సి ఉంది.