జెద్దా నుంచి అన్నకు

జెద్దా,
శుక్రవారం రాత్రి

అన్నా,

నేను మంచిగనే ఉన్న. అమ్మకు మోకాళ్లకు రాసుకునే మందు, పిల్లలకు ఖర్జూరాలు, నీకొక టార్చిలైటు పంపిస్తున్న. కొండమల్లేపల్లి ఆయన సెలవు మీద వస్తుండు, ఇంటికొచ్చి ఇచ్చిపోతనన్నడు. ఈ కాయితం గూడ ఆ సంచిలనే ఉన్నది. ఫోన్‌ల అయితే నువ్వు గరమైతవు, నేను గరమైత, నడుమ వదిన ఫోను గుంజుకుంటది. అందుకే రాస్తున్న. మొత్తం చదివినంక తిట్టు.

మన బుడ్డోనికి ఫిట్స్ వస్తుంటే, మొన్న ఫోన్‌ల నువ్వు "బుడ్డోనికి మూలింటవ్వనే చేతబడి చేసింది, ఈ అమాసకు తేల్చుత" అన్నవు. ఎట్ల తెలిసిందంటే మంత్రగాడు చెప్పిండన్నవు. ఆయనేమన్న పేరు చెప్పిండా? లేదు. ఒంటరి ఆడమనిషి, ఉత్తరం దిక్కు ఇల్లు, నొసట మచ్చ. ఇంతే చెప్పిండు, మిగిలింది మీరే నింపుకున్నరు. ఒంటరి ఆడమనిషి లేని వాడకట్టు ఏ ఊర్ల ఉంటది? ఇగ మచ్చ సంగతి ఎనుక రాస్త. ఈ ఉత్తరం రాసుడే దానికోసం.

మా రూముల ముగ్గురం. నేను, దేవరకొండ భాయ్, గద్వాల తమ్ముడు. తమ్ముని ఇంట్ల తాతల కాలం నుంచి చర్చికి పోతరు. శుక్రవారం సెలవు గదా, బగార వండుకొని తిని కూసున్నంక నీ మాట వాళ్ల ముంగట వెట్టిన. నాకు ఇంట్ల సంగతి బయట చెప్పుడు ఇష్టం లేదు గని, కడుపుల ఆగలే.

భాయ్ ఈ ఏడు హజ్ చేసొచ్చిండు. నేను బండి మీద తాయిఫ్ పోతున్నప్పుడు, మక్కా ఇంక దూరముండంగనే రోడ్డు మీద పెద్ద బోర్డు వస్తది, ముస్లింలు ఇటు, మిగిలినోళ్లు అటు. నేను అటు తిరుగుత. అందుకే హజ్‌ల, మక్కా పక్కనున్న మినాల ఏమైతదో నాకు భాయ్ చెప్తేనే తెలిసింది. ముజ్దలిఫాల రాత్రి ఆగి రాళ్లు ఏరుకుంటరట, శనగగింజ కంటె జర పెద్దగ. మినాల సైతాను గుర్తుగ రాళ్లు కొట్టే జాగలు మూడున్నయి, వాటిని జమ్రాలంటరు. పండుగ నాడు పెద్ద జమ్రాకు 7 రాళ్లు, తెల్లారి మూడు జమ్రాలకు కలిపి 21, ఆ మర్నాడు ఇంకో 21. మొదట అవి స్తంభాలే. రాళ్లు గురితప్పి అవతలి మనుషులకు తగులుతున్నయని, తోపులాట అయితున్నదని 2004ల పొడుగు గోడలు చేసిండ్రట.

"సైతాను ఆ గోడల ఉంటడా భాయ్?" అన్న.

నవ్విండు. "గోడల ఏముంటది! ఇబ్రహీం పైగంబరుకు సైతాను అడ్డమొస్తే రాళ్లతోటి తరిమిండు, దాని యాదికి కొడుతం. అసలోడు కొట్టేటోని లోపలనే ఉంటడు" అన్నడు. మిగిలిన రాయి ఒకటి సంచిల నుంచి తీసి నా అరచేతుల వెట్టిండు. బూడిదరంగు, ఒక పక్క పదునుగ ఉన్నది. నాకు చెయ్యి చెమట వట్టింది.

సైతాను ఎట్ల చెడ్డోడయిండో చెప్పిండు. అల్లా మట్టితోటి ఆదంను చేసి, అందరిని వంగమన్నడట. ఇబ్లీస్, అంటే సైతాను, వంగలే. నన్ను నిప్పుతోటి చేసినవు, వాన్ని మట్టితోటి చేసినవు, నేను వాని కంటె మేలు అన్నడట. ఇబ్లీస్ మొదటి తప్పు గదే. దొంగతనం లేదు, హత్య లేదు. 'వాని కంటె నేను మేలు' అనుకునుడు. ఇంకొకటి చెప్పిండు, అది విన్నంక నాకు నిద్ర వట్టలే. తీర్పు దినం నాడు అందరు సైతాను మీద వడుతరట, నీ వల్లనే గదా అని. వాడేమంటడంటే, నాకు మీ మీద ఏ అధికారం లేకుండె, పిలిచిన, మీరొచ్చిండ్రు, నన్ను అనకండ్రి, మిమ్ములను మీరు అనుకోండ్రి. ఖురాన్ల 14వ సూరాల, అంటే అధ్యాయంల, ఉన్నదట. సైతాను గూడ తన మీద వడ్డ నింద ఒప్పుకోడన్నట్టు!

గద్వాల తమ్ముడు అప్పటిదాక ఫోన్ల బైబిలు తిప్పుతుండె. "మా తెలుగు బైబిల్ల సాతానుకు ఏం పేరున్నదో తెలుసా అన్నా? అపవాది" అన్నడు. చిన్నప్పటి నుంచి విన్న మాటనే గని, ఎన్నడు ఇడదీసి చూడలే. అపవాదు ఏసేటోడు అపవాది. గ్రీకుల గూడ ఆ మాటకు చాడీలు చెప్పేటోడనే అర్థమట, సాతాను అంటే హీబ్రూల ఎదురు నిలిచేటోడట. యోబు కథల వాడు కొమ్ములు, తోక వెట్టుకొని రాడు. దేవుని కచ్చేరికి వచ్చి, కోర్టుల సర్కారు వకీలు లెక్క, యోబు భక్తి ఉత్తదే, లాభం కోసమే అని కేసు వెడుతడు. సైతాను పని కోర్టుల నింద మోపుడన్నట్టు. నాకు నువ్వు, మంత్రగాడు యాదికొచ్చిండ్రు. కోపం రానియ్యకు.

నిజం చెప్పాలె గదా, భాయ్ చేతబడి లేదనలే. జాదూ గురించి ఖురాన్ల ఉన్నదే, పెద్ద పాపమనే ఉన్నది, ఉన్నదని నమ్ముత అన్నడు. నేను గట్టిగ అడిగినంక అసలు మాట అన్నడు. "ఉన్నదని నమ్ముడు వేరు, ఫలానా అవ్వ చేసిందనుడు వేరు. ఎక్కువ అనుమానించకండ్రి, కొన్ని అనుమానాలు పాపమని గూడ అదే ఖురాన్ల ఉన్నది." ఈ దేశంల చేతబడి కేసు అంటే ఆట గాదు. 2011ల ఒక ఆడమనిషి తల తీసిండ్రు. గంతకంటె దాని గురించి ఈడ కూసొని రాయను.

ఇగ మన దాంట్ల చూడు. మనకు సైతాను అనేటోడే లేడు. దేవతలు, రాక్షసులు ఒక్క కశ్యపుని పిల్లలే, అదితి, దితి అక్కచెల్లెండ్లు. పాలోళ్ల పంచాయితీనే గదా అది అంత! యాదగిరిగుట్ట నర్సింహస్వామి కడుపు చీల్చిన హిరణ్యకశిపుడు ఎవరు? వైకుంఠం వాకిట నిలవడ్డ కాపలాదారు, శాపం వడి కిందికొచ్చినోడు. చంపినంక ప్రహ్లాదుడు ఏం వరమడిగిండు? మా నాయిన పాపం కడుగు స్వామీ అన్నడు. 21 తరాలు పవిత్రమైనయి పో అన్నడు నర్సింహుడు. (అక్కడ 21 రాళ్లు, ఈడ 21 తరాలు. ఎందుకో లెక్క కలిసింది.) నాయినమ్మ గాలి సోకిందని గుట్టకు పోయి నలభై రోజులు ప్రదక్షిణలు చేసింది గదా, ఆ దేవుడు ఎవ్వరి పేరన్న చెప్పిండా, ఫలానామె చేసిందని? అక్కడ మొక్కు ఉంటది గని, దోషి ఉండడు.

ఏడో తరగతిల సాగర్ నుంచి లాంచీల నాగార్జునకొండ పోయినం, యాదున్నదా? నువ్వు లాంచీల కక్కుకున్నవు. ఆ మ్యూజియంల బుద్ధుని తపస్సు చెడగొట్టేతందుకు మారుడు, సైతాను లాంటోడు, దండెత్తిన శిల్పాలను సారు చూపెట్టిండు, ఇక్ష్వాకుల కాలంవి. బుద్ధుడు వాన్ని కొట్టడు. నిన్ను గుర్తువట్టిన అంటడు. గంతే, వాడు మొఖం మాడ్చుకొని పోతడు. అప్పుడు నాకు తమాషగ అనిపించింది, గిదేం యుద్ధమని.

మన తాత సంగతి గూడ మర్చిపోకు. నడుము వంగి, కాళ్లు వంకర్లు తిరిగినయి. నాయినమ్మ సచ్చేదాక పాలోళ్లే చేయించిండ్రన్నది. ముప్పై ఏండ్లు ఆ ఇంటోళ్లతోటి మాటల్లేవు, పెండ్లిళ్లకు పోలే, సావుకు పోలే. ఎనుక తెలిసింది, బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దంటే మన నల్లగొండ బోర్లల్ల ఎంతెంత ఉండెనో మనకెరుకే. పాలోళ్లు గూడ ఆ నీళ్లే తాగిండ్రు, వాళ్ల తాత గూడ వంగిండు. ఆ ముప్పై ఏండ్లు ఎవరు తిరిగిస్తరు?

ఇగ మచ్చ సంగతి.

నువ్వు దిండి కాడ చదువుకోను పోయిన ఏడు. నేను, ఇంకిద్దరు పోరగాండ్లు మూలింటవ్వ రేకుల మీద రాళ్లు ఏస్తుంటిమి, మంత్రాలు చదువుతదని. ఒకనాడు పొద్దు గుంకంగ ఆమె బయటికొచ్చింది. మిగతా ఇద్దరు ఉరికిండ్రు. నా చేతుల ఉన్న రాయి పోయింది. నొసట తగిలింది. కొంగుతోటి అదుముకొని ఆమె అట్లనే గడప మీద కూసున్నది, ఒక్క తిట్టు తిట్టలే. నేను ఇంటికొచ్చి అన్నం తిన్న. ఎవ్వరికి చెప్పలే. ఇప్పటి పిల్లలు ఆ మచ్చ చూసి భయపడుతరు, మంత్రగత్తె గుర్తు అంటరు. మీ మంత్రగాడు గూడ అదే గుర్తు వట్టిండు. అది నా రాయి, అన్నా. చేతబడిది గాదు.

బుడ్డోనికి వచ్చేది ఫిట్స్. చేతుల ఇనుప తాళాలు వెట్టకుండ్రి, నోట్ల ఏం కుక్కకుండ్రి. పక్కకు తిప్పి పండవెట్టి, అంగి గుండీలు వదులు చేసి, ఎంతసేపు వచ్చిందో టైము చూడు. అయిదు నిమిషాలు దాటితే బండెక్కించి దవాఖానకు ఉరుకుడే. ఈ సోమారం నల్లగొండల నరాల డాక్టరుకు చూపెట్టు, ఈఈజీ (మెదడు పరీక్ష) తీయమంటే తీయించు. గోలీలు మొదలువెడితే, తగ్గిందని నీ అంతట నువ్వు ఆపకు. మంత్రగాడు అడిగిన ముప్పై వేలు ఆయనకియ్యొద్దు. నేను 1500 రియాళ్లు పంపిన, అవి దవాఖానకు.

వదిన అవ్వకు సల్ల పోసుడు బంద్ వెట్టిందని అమ్మ చెప్పింది. రేపు పొద్దుగాల నువ్వే చెంబు వట్టుకొని పో. రాయి సంగతి నువ్వు చెప్పకు, వచ్చే ఎండాకాలం వచ్చినప్పుడు నేనే చెప్పుకుంట.

డాక్టరు చీటీ ఫోటో తీసి పంపు. భాయ్‌కి తెలిసిన ఫార్మసీ ఆయన ఉన్నడు ఈడ, చూపెడుత.

నీ తమ్ముడు