ఊరి పేరులో నిలిచిన బిలం: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం ఊరి చరిత్రను, దానికి పేరునిచ్చిన గుహ చరిత్రతో కలిపి, బడిపిల్లలు సైతం చదువుకోగలిగేలా రాయించాలని గత సర్వసభ్య సమావేశంలో మీరు తీర్మానించారు. ఈ ఏడాది మా సమయంలో అధికభాగం ఆ పనికే వినియోగించాము.

‘బిలం’ అన్న మాటే వాడుకలో ‘బెలుం’ అయిందని చెబుతారు. ఇక్కడ కొండ లేదు. చదునైన నేల మీద బావుల్లా కనిపించే గోతుల్లోంచి దిగితే తప్ప గుహ ఉన్నట్టే తెలియదు. సున్నపురాతిని భూగర్భజలం యుగాల తరబడి కరిగిస్తూ పోగా ఏర్పడిన ఈ సొరంగాల పొడవు 3,229 మీటర్లు. అన్నిటికన్నా లోతైన పాతాళగంగ, ప్రవేశమార్గం నుంచి 46 మీటర్ల దిగువన ఉంది.

భూగర్భశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో ఈ గుహను గురించి రాశారు. బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహలను ఆయన పరిశీలించిందీ ఆ కాలంలోనే. తరువాత దాదాపు నూరేళ్లపాటు బెలుం గుహ పండితలోకం దృష్టికి రాలేదు. 1982 నుంచి 1984 వరకు డేనియల్ గెబవర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలికి దిగి, దారులన్నీ కొలిచి పటం గీసింది.

మన రచన తొలి ప్రతిలో ‘ఫుట్ ఈ గుహను కనుగొన్నారు’ అన్న వాక్యం ఉండేది. దీనిపై కార్యవర్గంలో సుదీర్ఘమైన చర్చ జరిగింది. ఊరి పేరులోనే బిలం ఉన్నప్పుడు, ఆ పేరు పెట్టినవారికి గుహ తెలియదనడం న్యాయం కాదు. పైగా లోపల దొరికిన పాత్రలు, బౌద్ధ జైన భిక్షువులు ఇక్కడ నివసించారనడానికి చూపే ఆనవాళ్లు ఎన్నో శతాబ్దాల వెనకటివి. అందువల్ల ‘కనుగొన్నారు’ అన్న మాట తీసివేసి ‘నమోదు చేశారు’ అని సవరించాము. ఈ ఏడాది మేము చేసిన పనుల్లో ఇదే ముఖ్యమైనదని నా నమ్మకం.

ఇంకో వాక్యం విషయంలోనూ అభిప్రాయభేదం వచ్చింది. 1988లో రాష్ట్ర ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని రక్షిత ప్రదేశంగా ప్రకటించేవరకు, చుట్టుపక్కల ఊళ్లవారు తమ చెత్తను ఈ గుహలోనే పారబోసేవారు. ఊరి చరిత్రలో ఇది అవసరమా అని కొందరు సభ్యులు బాధతోనే అడిగారు. గుహను ప్రపంచం మరిచిపోయిందని రాసి, దగ్గరున్నవారు దాన్ని ఎలా చూశారో దాచిపెడితే ఆ చరిత్ర సగమే అవుతుందని భావించి ఆ వాక్యాన్ని అలాగే ఉంచాము. పర్యాటకాభివృద్ధి సంస్థ పూడిక తీయించి, దారులు, దీపాలు ఏర్పాటు చేయించాక 2002లో ప్రజలను లోపలికి అనుమతించారు.

కోటిలింగాలు, వేయిపడగలు, సప్తస్వరాల గుహ అన్న పేర్లు సందర్శకులందరికీ తెలిసినవే. అంతకుముందు ఊరివారు ఈ గోతులను, దారులను ఏమని పిలిచేవారో పెద్దలను అడిగి రాసుకునే పని మాత్రం ఇంకా పూర్తికాలేదు. వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదిస్తున్న మొదటి కార్యక్రమం ఇదే. వయసు పైబడినవారి ఇళ్లకు ముందుగా వెళ్లాలి కనుక, వారానికి ఒక పూట కేటాయించగల సభ్యులు కార్యదర్శికి తెలియజేయగలరు.

రచన రెండో ప్రతి, జమాఖర్చుల పట్టిక సర్వసభ్య సమావేశంలో మీ ఆమోదం కోసం ఉంచుతున్నాము.