యూకేజీ పిల్లాడి షూ లేసుల గురించి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది పలాస-కాశీబుగ్గ. మా బాబు ఇక్కడే ఒక ప్రైవేట్ స్కూల్లో యూకేజీ, పేరెందుకులెండి, చాలావరకు అన్నీ ఒకలాగే ఉన్నాయి. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో మేడమ్ గారు, మీవాడు షూ లేసులు నేనే కట్టుకుంటానని కూర్చుండిపోతున్నాడండీ, అక్కడ వ్యాన్ వెళ్ళిపోతోంది, ఆయమ్మ ఒక్కర్తీ ఎంతమందిని చూస్తుంది, లేసుల్లేకుండా పట్టీ అతికించే వెల్‌క్రో షూస్ కొనేయండి అన్నారు. నాకు అందరి ముందూ తల కొట్టేసినట్టయి ఆ సాయంత్రమే కొనేశాను. రాత్రి వాడు పడుకున్నాక గాని బుర్రకెక్కలేదు, వాడంతట వాడు కట్టుకుంటానంటే కంప్లయింట్ ఏటి అని.

తర్వాత వానలప్పుడు ఉద్దానంలో మా కన్నవారింటికి వెళ్ళాను. మేనకోడలిని తీసుకొద్దామని అంగన్‌వాడీకి వెళ్తే పైకప్పు కారి పిల్లల చాప మీద చుక్కలు పడుతున్నాయి. టీచరమ్మ గబుక్కున లేస్తుందనుకున్నా, లేవలేదు. "చాప తడిసిపోతోంది, ఏటి చేద్దాం రా?" అని అడిగి ఊరుకుంది. ఒకడు అరచెయ్యి పెట్టాడు. ఒక పిల్ల పాల గ్లాసు తెచ్చి పెట్టింది, కాసేపట్లో నిండిపోయింది. ఇంకొకడు పెద్ద గిన్నె మోసుకొచ్చాడు, చుక్క పడినప్పుడల్లా టప్ మని చింది చాప మళ్ళీ తడుస్తోంది. అప్పుడు మా మేనకోడలు, దానికింకా నాలుగేళ్ళు నిండలేదు, మాట్లాడకుండా చాప కొస పట్టుకుని లాగడం మొదలెట్టింది, అది చూసి మిగతావాళ్ళూ లాగేరు. అంతా అయ్యాక టీచరమ్మ "గిన్నెలో గుడ్డ వేసి చూడండర్రా, చిందుతుందో లేదో" అంది. పది నిమిషాలు పట్టిందేమో. నేనైతే గుమ్మంలోంచే "చాప పక్కకి లాగండి" అని అరిచేద్దును, నిజానికి నోటిదాకా వచ్చింది కూడా. (ఆ కప్పు ఎప్పుడు బాగుచేస్తారో అది వేరే ఉత్తరం రాయాలి.)

మన వైపు ఎన్ని స్కూల్ బోర్డుల మీద మాంటిస్సోరి అని ఉంటుందో మీకు తెలుసు. ఆ పేరుగలావిడ మేరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో పేద పిల్లలకి బడి పెట్టింది, 1939లో మద్రాసొచ్చి మన దేశం టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చింది. ఆవిడ పద్ధతిలో బొత్తాలు పెట్టడం, లేసులు కట్టడం నేర్చుకోడానికే విడిగా చెక్క ఫ్రేములుంటాయి, పిల్ల ముడి తప్పు వేస్తే టీచర్ చెయ్యి పెట్టదు, మళ్ళీ వేసుకుంటుందని ఆగుతుంది. ఇక్కడ బోర్డు మీద ఆవిడ పేరు, లోపల వెల్‌క్రో.

పోనీ గవర్నమెంట్ చెప్పలేదా అంటే చెప్పింది. 2020 స్కూల్ బ్యాగ్ పాలసీలో ప్రీ ప్రైమరీకి బ్యాగే వద్దన్నారు, రెండో తరగతి దాకా హోమ్‌వర్క్ వద్దన్నారు. చిన్న పిల్లల చదువుకని 2022లో వచ్చిన ఫౌండేషనల్ స్టేజ్ కరిక్యులమ్‌లో ఆరేళ్ళలోపు పిల్లలకి టెస్టులు అస్సలు తగవని రాశారు. మావాడికి రోజూ నాలుగు పేజీల కాపీ రైటింగ్, నెలనెలా టెస్టు. మధ్యలో ప్రాజెక్టు అని ఇల్లు మోడల్ చేసి తెమ్మన్నారు. థర్మాకోల్, ఫెవికాల్ పట్టుకుని మా ఆయనా నేనూ రాత్రి పదకొండు దాకా ఇల్లు కట్టాం, మావాడు నిద్రపోయాడు, పొద్దున్న వాడికి స్టార్ ఇచ్చారు. సిమెంటు ఇల్లు ఎప్పుడు కడతామో గాని థర్మాకోల్‌ది మాత్రం కట్టేశాం.

ఇంకో సంగతి, బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా ఇంగ్లీషులోనే అడగాలి. ఆ వాక్యం గుర్తురాక మావాడు ఒకసారి నిక్కరు తడుపుకుని వచ్చాడు. అవసరం చెప్పుకోడానికే మాట లేని పిల్లాడు "ఇలా కాకపోతే ఇంకెలా" అని ఏ భాషలో ఆలోచిస్తాడండీ. సవర గిరిజన పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని పుస్తకాలు రాసిన గిడుగు రామ్మూర్తి గారు పుట్టిన జిల్లా మనది.

తప్పంతా స్కూళ్ళదే అననండి. టెస్టులు పెట్టకపోతే మనమే టీసీ తీసుకుని పక్క స్కూల్‌కి పోతాం. మా అత్తగారు "గుంటడిచేత ఏటి చేయిస్తావే, నువ్వు కట్టేస్తే పోలేదా" అంటారు, ఆవిడ్ని అనడానికి లేదు, తొందరైతే నేనూ అన్నం ముద్దలు పెట్టేస్తాను.

ఎమ్ఈఓ (మండల విద్యాధికారి) గార్లకి నా మనవి, ప్రైవేట్ స్కూళ్ళకి వెళ్ళినప్పుడు ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల బ్యాగులు ఒక్కసారి తెరిపించి చూడండి. బడి వదిలే టైమ్‌కి ఒక పావుగంట ముందు క్లాసు ఆపేసి షూస్, టిఫిన్ బాక్సులు, వాటర్ బాటిల్ మూతలు వాళ్ళనే చూసుకోనిమ్మని చెప్పండి, అప్పుడు వ్యాన్ వెళ్ళిపోతుందన్న గొడవుండదు. అలాగే అంగన్‌వాడీ టీచర్లకి ఫోన్‌లో పిల్లల తిండి, బరువు లెక్కలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్ ఎంట్రీలు కాస్త తగ్గించండి, ఆవిడ ఫోన్ చూసుకుంటూ ఉంటే ఆ చాప సంగతి ఎవరడుగుతారు.

వెల్‌క్రో షూస్ వాపసు తీసుకోమంటే షాపతను తీసుకోలేదు. పాత లేసుల షూస్ ఇప్పుడు ఆదివారాలు వేసుకుంటున్నాడు. పోయిన వారం కుడి షూ లేసూ ఎడమ షూ లేసూ కలిపి ఒకే ముడి వేసేసి, గెంతుకుంటూ వంటింట్లోకొచ్చి "అమ్మా, ఇలాగైతే ఊడిపోవు" అన్నాడు. నేను విప్పలేదు.

ఇట్లు,
ఒక యూకేజీ పిల్లాడి అమ్మ,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా