ఆ కర్రీ పాయింటు ఆవిడకి, ఆ ఉప్పు పొట్లాలకి కృతజ్ఞతలు

నాన్నగారిని నిన్న ఇంటికి తీసుకొచ్చాం. పొట్ట దిగింది, కాళ్ళ వాపు చాలావరకు తీసింది, తనంతట తాను లేచి కూర్చుని అన్నం తింటున్నారు. ఫోన్లు చేసిన అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. సరైన నిద్ర లేదు, రాసింది అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి.

అమ్మ, తమ్ముడు, మేనత్త, బావ గురించి వేరే రాయక్కర్లేదు. ఇంటివాళ్ళు, చేశారు. డాక్టరుగారికీ, వార్డులో నర్సమ్మలకీ దణ్ణాలు. ఈ పోస్టు మాత్రం ఒకావిడ కోసం. ఆసుపత్రి ఎదురు సందులో కర్రీ పాయింటు నడుపుతారు. మాకు చుట్టం కాదు, మా రాజోలు వైపు మనిషీ కాదు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

నాన్నగారికి లివర్ సిర్రోసిస్. ఎప్పుడో పట్టిన హెపటైటిస్ బి వల్ల వచ్చింది. తాగేవారా అని ఇంకా అడుగుతూనే ఉన్నారు. తాగుడు వల్ల వచ్చినా మనిషికి తిండి ఇలాగే పెట్టాలి, ఆ ప్రశ్నతో ఒరిగేదేం లేదు. కాలేయం గట్టిపడితే దాని గుండా వెళ్ళే రక్తానికి దారి ఇరుకవుతుంది. ఒంట్లో రక్తం చాలడం లేదని మూత్రపిండాలు పొరబడి, ఉన్న సోడియాన్ని బయటికి పోనివ్వకుండా పట్టేస్తాయి. సోడియం ఎక్కడుంటే నీరు అక్కడ చేరుతుంది. పొట్టలో, పాదాల్లో నిలిచే నీరు అదే. అందుకే ముందు తగ్గించాల్సింది ఉప్పు, తాగే నీళ్ళు కాదు. రక్తపరీక్షలో సోడియం బాగా, అంటే లీటరుకి 125 మిల్లీమోల్స్ కంటే కిందికి పడిపోతేనే నీళ్ళకి కూడా కొలత పెడతారు. ఇది తెలీక నోరెండిపోతున్న మనిషికి నీళ్ళివ్వకుండా కూర్చునేవాళ్ళు వార్డులో ఎంతమందో.

ఆవిడ దగ్గరికి మొదట వెళ్ళింది ఉప్పు లేని పప్పు దొరుకుతుందేమో అడగడానికి. లేదంటారనే అనుకున్నాను. ఆవిడ ఎన్ని గ్రాములు రాశారని అడిగారు. రోజుకి సోడియం 2 గ్రాములన్నారంటే, "అది సోడియమండి, ఉప్పు కాదు. ఉప్పయితే 5 గ్రాములు. అందులో పాలు, గుడ్డు, చేప, కూరల్లోదే కొంత పోతుంది. మనం పైన వేసేది 3 గ్రాములనుకోండి" అన్నారు, చేతిలో గరిటె తిప్పుతూనే. ఆ లెక్క నాకు ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు.

ఆ లెక్క సరైనదే, తర్వాత డాక్టరుగారినీ అడిగాను. గ్రాము ఉప్పులో దాదాపు 400 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. మూడు గ్రాములంటే 1,200. అరలీటరు పాలు, రెండు గుడ్లు, ఓ గిన్నెడు పెరుగు, చేపముక్క, కూరలు కలిపి సహజంగా ఉండేది ఇంకో 600, 700. రెండూ కలిపితే 2,000 లోపు. 5 మిల్లీలీటర్ల కొలత చెంచాతో మెత్తటి ఉప్పు నింపి, పైన కత్తి వెనకవైపుతో గీసి సమం చేస్తే సుమారు 6 గ్రాములు. అందులో సగం నాన్నగారికి రోజంతటికీ. కల్లుప్పుతో ఈ కొలత కుదరదు, రాళ్ళ సైజుని బట్టి చెంచాకో బరువు తూగుతుంది.

ఆవిడ ఆ అరచెంచా ఉప్పుని కాగితం మీద పోసి, చాకు మొనతో మూడు కుప్పలు చేసి, మందుల పొట్లాల్లా మడిచి క్యారేజీ పై గిన్నెలో పెట్టేవారు. టిఫినుకొకటి, మధ్యాహ్నానికొకటి, రాత్రికొకటి. వంటలో అసలు ఉప్పుండదు. తినేటప్పుడు పొట్లం విప్పి ముద్ద మీద చల్లుకోవాలి. కూరలో కలిసి ఉడికిపోయిన ఉప్పు నాలుకకి అంతగా తెలీదు, పైన చల్లింది వెంటనే తగులుతుంది. అదే ఒక్క గ్రాము, కానీ తిన్నవాళ్ళకి ఉప్పు వేసిన కూర తిన్నట్టే ఉంటుంది. ఒక పూట పొట్లం మిగిలితే రెండో పూటకి కలపకూడదని కూడా చెప్పారు. కలిపి వాడితే ఆ రుచికి అలవాటు పడి మర్నాడు చాలదంటారట.

తెల్లారుజామున గుండిగలో పప్పు ఉడకగానే, ఉప్పు పడకముందే నాన్నగారి వాటా చిన్న గిన్నెలోకి తీసేవారు. దానికి పోపు వేరు, గరిటె వేరు. ఒకసారి ఉప్పు పడ్డాక నీళ్ళు పోసినా, బంగాళదుంప వేసినా గిన్నెలోంచి ఉప్పు పోదు, రుచి పలచబడుతుందంతే. ఇడ్లీపిండీ అంతే, రుబ్బగానే ఉప్పు కలపకముందే ఓ గిన్నె పక్కకి తీస్తే, ఉప్పు లేకపోయినా పులుస్తుంది. పెసరట్టయితే అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర దండిగా పడితే ఉప్పు లోటు తెలీదు. పనసపొట్టుకి ఆవ పెట్టడం ఆవిడ దగ్గర చూడాలి. ఆవాలు చన్నీళ్ళతో నూరి, పొయ్యి ఆపి కూర కాస్త చల్లారాకే కలుపుతారు. వేడి మీద కలిపితే ఆ ఘాటు పోయి చేదు మిగులుతుంది. ఘాటు, పులుపు, వేయించిన వాసన, ఈ మూడింటిలో ఏ రెండు ఉన్నా చప్పగా అనిపించదని ఆవిడ లెక్క. చింతచిగురు, వాక్కాయ, నిమ్మకాయ, పచ్చిమామిడి మన దగ్గర కొదవేముంది. నిమ్మరసం మాత్రం దించాకే పిండాలి.

చేపల విషయంలో మనవాళ్ళకి ఒక అలవాటుంది. జిగురు పోవడానికి కల్లుప్పు వేసి పామి కడుగుతాం. ఎంత కడిగినా కొంత ముక్కకి పట్టేస్తుంది. ఆవిడ బియ్యప్పిండితో, చింతపండు నీళ్ళతో రుద్ది కడిగేవారు. అల్లం వెల్లుల్లి ఇంట్లో దంచిందే, ప్యాకెట్లో ముద్దకి ఉప్పు కలిసే వస్తుంది. కొర్రమీనుకి నిమ్మరసం, మిరియాలు, ధనియాలు పట్టించి పెనం మీద కాల్చి పంపిన రోజు నాన్నగారు ముల్లు కూడా వదల్లేదు. ఉప్పుచేప, ఎండురొయ్యలు ఎంత నానబెట్టినా ఈ ఒంటికి పనికిరావు. ఆవకాయ, మాగాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు కూడా ఇక లేవు. ఆవకాయకి ఉప్పు, కారం, ఆవపిండి ఇంచుమించు సమంగా పోస్తాం కదా, రెండు ముద్దలు కలిపితే పూట పొట్లం అక్కడే అయిపోతుంది. పెరుగన్నంలోకి ఊరమిరపకాయ బదులు నూనెలో వేయించిన ఎండుమిర్చి, కరివేపాకు ఇచ్చేవారు.

అన్నిటికంటే పెద్ద సాయం వేరే ఉంది. ఉప్పు మానేస్తే మనిషి తిండే మానేస్తాడు. వార్డులో సగం మంది పరిస్థితి అదే. పొట్ట ఎత్తుగా ఉంటుంది, భుజాలు, కణతలు, తొడలు కరిగిపోయి ఉంటాయి. "ముందు నాలుగు ముద్దలు లోపలికెళ్ళాలండి, మిగతావన్నీ ఆ తర్వాతే" అనేవారు ఆవిడ. నాన్నగారి గిన్నెలోది పొట్లం ఉప్పు లేకుండానే తను రుచి చూసి, బాగుందనిపిస్తేనే క్యారేజీ కట్టేవారు. నచ్చకపోతే ఆ రద్దీలో మళ్ళీ పోపు పెట్టేవారు. ఆదివారం కొట్టు మూసేసినా ఆ ఒక్క క్యారేజీ కోసం పొయ్యి వెలిగించారు. డబ్బులు అందరి దగ్గరా తీసుకున్నట్టే తీసుకున్నారు, మమ్మల్ని జాలిపడాల్సినవాళ్ళుగా చూడలేదు. ఎందుకింత చేస్తున్నారండీ అంటే, "మా ఆయనకి వచ్చినప్పుడు నాకెవరూ చెప్పలేదండి" అన్నారు. ఇంకేం చెప్పలేదు, నేనూ అడగలేకపోయాను. వచ్చేసేరోజు ఒక కవరు నిండా మడిచిన పొట్లాలు, వాటితోపాటు అదే కొలతకి కత్తిరించిన ఖాళీ కాగితాలు చేతిలో పెట్టారు. అప్పటిదాకా డాక్టర్ల ముందు గట్టిగా నిలబడ్డదాన్ని, ఆ సందులో గోడకానుకుని ఏడ్చేశాను. అమ్మా, ఇది మీకు ఎవరైనా చదివి వినిపిస్తారని ఆశ.

ఇప్పుడు ఒక మాట అనకుండా ఉండలేను. అంత పెద్ద ఆసుపత్రిలో మాకిచ్చిన తిండి సలహా, కాగితం చివర ఇంగ్లీషులో ఉప్పు తగ్గించమని ఒక్క ముక్క. అదే వార్డుకి వచ్చే భోజనంలో అందరికీ ఒకే సాంబారు, ఒకే పచ్చడి. ఎవరో ఇచ్చిన డైట్ చార్టులో బ్రెడ్డు, కార్న్‌ఫ్లేక్స్ ఉన్నాయి. రెండింటిలోనూ ఉప్పుంటుంది, పైగా అవి మేం తినే తిండి కాదు. పప్పు, గుడ్డు మానిపించమని చెప్పినవాళ్ళూ ఉన్నారు. అది పాత మాట. ఈ జబ్బులో కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీను కావాలి, అరవై కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. పొట్టలో నీటి బరువు తీసేసి లెక్కకట్టాలి. చారన్నంతో అదెక్కడొస్తుంది? పొట్టలోంచి ఐదు లీటర్లు దాటి నీరు తీస్తే లీటరుకి 6 నుంచి 8 గ్రాముల ఆల్బుమిన్, అంటే రక్తంలో ఉండే ప్రోటీను, ఎక్కించాలి. ఆ సీసాలు స్టాకు లేవని సాయంత్రంపూట చీటీ చేతికిస్తే పేదవాళ్ళు ఎక్కడికి పరుగెత్తాలి? మందు చీటీ రాసే చేత్తోనే ఉప్పు కొలత తెలుగులో రాసిన కాగితం ఒకటి ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది? ఒక కర్రీ పాయింటు ఆవిడ చేసి చూపించారు.

మా ఊళ్ళ వైపు ఇదే జబ్బుతో ఉన్నవాళ్ళ కోసం ఇంకొన్ని. నీరసంగా ఉందని ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకోకండి. అరలీటరు మామూలు సెలైన్ సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పుంటుంది. లీటరు ఓఆర్‌ఎస్‌లో దాదాపు 1,700 మిల్లీగ్రాముల సోడియం, అంటే ఇంచుమించు రోజంతటి వాటా. విరేచనాలు పట్టుకుంటే సొంత వైద్యం వద్దు, డాక్టరుగారికి ఫోన్ చేయండి. తినే సోడా చెంచాడు వేస్తే 1,200 మిల్లీగ్రాముల సోడియం పైనే, అందుకే గ్యాస్ పొడులూ, సోడా వేసిన బజ్జీలూ వద్దు. సైంధవ లవణం కూడా సోడియం ఉప్పే. తక్కువ సోడియం అని అమ్మే ఉప్పులో పొటాషియం కలుపుతారు. ఒంట్లో నీరు తీయడానికి ఇచ్చే స్పైరనోలాక్టోన్ మాత్ర వాడేవాళ్ళకి అసలే పొటాషియం పెరుగుతుంది, గుండె మీదికి వస్తుంది. కొబ్బరిబోండాం కూడా అంతే, కోనసీమలో ఉండి ఈ మాట రాయడం కష్టంగానే ఉంది కానీ రక్తపరీక్ష చూసి డాక్టరు సరేనంటేనే తాగాలి. సముద్రం వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి కదా, పప్పుకీ అన్నానికీ ఎసరు మంచినీళ్ళతోనే పెట్టండి.

పడుకునే ముందు తప్పకుండా ఏదైనా తినాలి. పాలల్లో అటుకులు, పెరుగు అటుకులు, ఏదైనా సరే. ఈ జబ్బున్న కాలేయం రాత్రికి కావలసిన పిండి పదార్థాన్ని దాచుకోలేదు, ఖాళీ కడుపుతో పడుకుంటే కండని కరిగించుకుంటుంది. కార్తీక సోమవారమైనా ఉపవాసం కూడదు. పొద్దున్నే దొడ్డికెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే మిషను మీద బరువు చూసి పుస్తకంలో రాయండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. జ్వరం, పొట్టనొప్పి, నల్లటి విరేచనం, పగలు నిద్ర రాత్రి మెలకువ, మాట తడబాటు, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. నేను రాసిన ఉప్పు కొలత నాన్నగారికి చెప్పింది, మీది మీ డాక్టరుగారినే అడగండి.

అయ్యో, మర్చిపోతున్నా. రక్తం ఇచ్చిన ఇద్దరు కాలేజీ పిల్లలకి కృతజ్ఞతలు. ఆల్బుమిన్ కోసం రాత్రివేళ బండి మీద వెళ్ళొచ్చిన పక్క బెడ్డు వాళ్ళబ్బాయికి కూడా. తూకం మిషను అరువిచ్చిన మా వీధి చివరి కిరాణా కొట్టు బాబాయిగారికి, రోజూ అమ్మని బస్టాండు నుంచి దింపిన ఆటో అతనికి.

ఇంకొకరు. మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్ అడిగితే, నాన్నగారి చీటీ చూసి "ఇది కిడ్నీ మీద పడుద్దండి, డాక్టరుగారిని అడక్కుండా నేనివ్వను" అని వెనక్కి పంపిన మెడికల్ షాపు కుర్రాడు. బాబూ, నీకు కూడా.