ప్యాటీకి రంగు వస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఇంట్లో బర్గర్ చేసుకునే విధానం వేశారు. కీమా ప్యాటీని ‘రెండు వైపులా చక్కని రంగు వచ్చేదాకా వేయించి దించుకోవాలి’ అని అందులో ఉంది. లోపల ఎంత వేడి చేరాలో, ఉడికిందో లేదో ఎలా తెలుసుకోవాలో ఎక్కడా లేదు. ఇంటర్ చదువుతున్న మా మనవరాలు ఆ పేజీని కత్తిరించి దాచుకుంది. ఇంకా ఎన్ని ఇళ్లలో దాచుకున్నారో! ఆ ఆందోళనతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను సరుకు ఓడల్లో చీఫ్ కుక్‌గా పనిచేసి విరమించినవాణ్ణి. ఉండేది మల్కాపురంలో. నడిసముద్రంలో డాక్టరు ఉండడు, ఒడ్డు ఎన్నో రోజుల దూరంలో ఉంటుంది. వంటవాడు ఒక్క పూట అజాగ్రత్తగా ఉంటే ఓడ మొత్తం మంచం పడుతుంది. అందుకే గ్యాలీలో (ఓడ వంటగదిని అలాగే అంటాం) మాంసం ఉడికిందా అన్న ప్రశ్నకు కంటిచూపును ఎవరూ జవాబుగా ఒప్పుకోరు. థర్మామీటర్ గుచ్చి చూడాల్సిందే.

మాంసం ముక్కగా ఉన్నప్పుడు సూక్ష్మజీవులు ఎక్కువగా పైపొరలోనే ఉంటాయి. పెనం వేడి తగలగానే చస్తాయి. అదే మాంసాన్ని కీమా కొట్టించినప్పుడు పైపొర అంతా లోపలికి కలిసిపోతుంది. ప్యాటీ మధ్యభాగం కూడా బాగా కాలితేనే క్షేమం. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం మేక, పంది, పశువు మాంసాల కీమా ఏదైనా మధ్యలో 71 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. కోడి కీమా అయితే 74. ముక్కగా ఉన్న పంది మాంసానికి 63 డిగ్రీలు చాలు, దించాక 3 నిమిషాలు కదపకుండా ఉంచాలి. కీమా ఒక్కోసారి 71కి చేరకముందే గోధుమ రంగుకు తిరుగుతుంది. ఒక్కోసారి ఆ వేడి దాటినా లోపల గులాబీ ఛాయ పోదు. రంగును నమ్ముకుని దించమని చెప్పడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఇంతటితో ముగించవచ్చు. కానీ చాలా ఏళ్లుగా మనసులో ఉన్న మరో మాట కూడా చెప్పాలి. మీ వంటల పేజీని నేను వదలకుండా చదువుతాను. పనీర్, పుట్టగొడుగు, రొయ్య, కోడి, మేక అన్నీ కనిపిస్తాయి. పంది మాంసం వంటకం ఒక్కటీ చూసిన గుర్తు లేదు. తినని వాళ్ల మనసు నొప్పించకూడదన్న మీ జాగ్రత్తను నేను గౌరవిస్తాను. అయితే ఇది విశాఖపట్నం. 1933లో రేవు తెరుచుకున్నప్పటి నుంచి ఎక్కడెక్కడి నావికులో ఇక్కడ దిగుతున్నారు. నౌకాదళం ఉంది, రైల్వే కాలనీలు ఉన్నాయి, క్రిస్మస్‌కు పంది మాంసం వండుకునే కుటుంబాలు ఉన్నాయి. అరకు, పాడేరు కొండల్లో ఆదివాసీల పండుగ భోజనంలో అది ఉంటుంది. ఇంతమంది వండుకుంటున్న మాంసాన్ని ఎలా వండాలో తెలుగులో చెప్పేవాళ్లు లేకపోతే, చెవిన పడిన మాటలే వాళ్లకు దిక్కవుతాయి.

పంది మాంసం తింటే మెదడులో పురుగులు చేరతాయన్న మాట అందరూ వినే ఉంటారు. అసలు సంగతి ఇది. సరిగా ఉడకని పంది మాంసంలో బద్దెపురుగు తిత్తులు ఉంటే, తిన్నవాళ్ల పేగుల్లో ఆ పురుగు పెరుగుతుంది. మెదడులో తిత్తులు ఏర్పడే దారి వేరు. పేగుల్లో పురుగు ఉన్న మనిషి మలంతో గుడ్లు బయటికి వస్తాయి. ఆ మనిషి చేతులు శుభ్రంగా కడుక్కోకుండా వంట చేసినా, ఆ మలం కలిసిన నీటితో పెరిగిన ఆకులను మనం కడగకుండా పచ్చిగా తిన్నా గుడ్లు మన కడుపులోకి చేరతాయి. మెదడుకు ముప్పు వచ్చేది వాటివల్ల. జీవితంలో మాంసం ముట్టని మనిషికీ ఈ జబ్బు రావచ్చు. మూర్ఛకు ముఖ్య కారణాల్లో ఇదొకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మాంసాన్ని పూర్తిగా ఉడికించడం, మరుగుదొడ్డి వాడడం, చేతులు కడుక్కోవడం, ఆకులు కడగడం, ఈ నాలుగూ మీ పేజీలో పెద్ద అక్షరాలతో రావలసిన మాటలు.

ఇక తినేవాళ్లు, తినని వాళ్లు ఒకే చోట ఉండే చిక్కును ఓడలో ఎలా పరిష్కరించుకున్నామో చెబుతాను. 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం నావికులకు ఓడలో ఉచితంగా భోజనం పెట్టాలి. అది వాళ్ల మత, సాంస్కృతిక ఆచారాలను దృష్టిలో ఉంచుకుని ఉండాలి. వంటవాడికి శిక్షణ ఉండాలి. ఒకే బల్ల దగ్గర పంది మాంసం ఇష్టపడే ఫిలిప్పీన్స్ కుర్రవాడు, దాని వాసన కూడా గిట్టని ఇండోనేషియా సోదరుడు, శనివారం మాంసం ముట్టని మన శ్రీకాకుళం మనిషి కలిసి కూర్చునేవారు. ఏ పళ్లెంలో ఏముందో ముందే చెప్పేవాళ్లం. పంది మాంసానికి కత్తి వేరు, పలక వేరు, మూకుడు వేరు. ఎవరి దగ్గరా ఏదీ దాచలేదు. ఆ నమ్మకం ఉండబట్టే అందరూ నిశ్చింతగా తిన్నారు. మీ పేజీ కూడా వంటకం పక్కన ఒక గుర్తు వేసి ఆ పని చేయవచ్చు.

మాటలతో సరిపెట్టకుండా మా ఇంట్లో చేసే తీపి, ఉప్పు, కారం కలిసిన బేకన్ బర్గర్‌ను ఇక్కడ రాస్తున్నాను. నలుగురికి సరిపోతుంది. వేస్తే సంతోషం.

బేకన్ అంటే పంది పొట్ట భాగాన్ని ఉప్పు, చక్కెరలతో ఊరవేసి పొగబెట్టి పలుచగా కోసినది. పొగ తగిలింది కదా, ఉడికిపోయిందనుకునేవాళ్లు ఉన్నారు. మామూలుగా దొరికే బేకన్ పచ్చిదే, వండి తీరాలి. గడ్డకట్టించిన ప్యాకెట్‌ను ముందు రోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చి కరగనివ్వాలి. వీడియోలు చూసి ఇంట్లోనే ఊరవేయాలనుకునే కుర్రవాళ్లకు నా విన్నపం, ఆ పని చేయకండి. ప్రాణాంతకమైన బొట్యులిజం సూక్ష్మజీవిని అడ్డుకోవడానికి అందులో నైట్రైట్ కలిపిన ఉప్పు వాడతారు. కొలత తప్పితే ఆ ఉప్పే విషం. మన ఊరి ఉక్కలో అది వంటింటి పని కాదు.

తీపి దగ్గరికి వద్దాం. బయట కొనే బర్గర్‌లో తీపి సీసా సాసు నుంచి వస్తుంది, నాలుక మీద ఒక్కసారి మెరిసి పోతుంది. మనకు అనకాపల్లి పక్కనే ఉంది. 2022లో వేరే జిల్లా అయింది గానీ మన వంటింటికి ఇప్పటికీ బెల్లం అక్కడి నుంచే. గుమ్మడికాయ దప్పళంలో బెల్లం, చింతపండు, ఉప్పు, కారం ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని ఉంటాయో, బర్గర్‌లోనూ తీపి అలాగే ఉండాలి. పసుపు పచ్చగా నిగనిగలాడే బెల్లం వద్దు, అది హైడ్రోస్ అనే రసాయనం వేసి తెల్లబరిచినది కావచ్చు. ముదురు గోధుమ రంగు బెల్లం తీసుకోండి. వానాకాలంలో చెమ్మగిల్లి ఉంటుంది కాబట్టి పాకం పట్టేటప్పుడు నీళ్లు కాస్త తగ్గించండి.

నాలుగు పెద్ద ఉల్లిపాయలు సన్నగా చీల్చి, చెంచా నూనెతో ఇనుప మూకుడులో సన్నని మంట మీద పెట్టాలి. అయిదు నిమిషాల్లో ఎర్రబడతాయని రాసేవాళ్లను నమ్మవద్దు. నలభై నిమిషాలకు తక్కువ పట్టదు. ముందు నీరు వదులుతాయి, తర్వాత మెత్తబడతాయి, ఆ తర్వాతే వాటి సొంత తీపి బయటపడుతుంది. అడుగంటబోతుంటే కాసిన్ని నీళ్లు చిలకరించి గీకండి. ఉల్లి తేనె రంగుకు వచ్చాక రెండు చెంచాల బెల్లం తురుము, ఉసిరికాయంత చింతపండు పిండిన రసం, దంచిన అరకు మిరియాలు వేసి జామ్‌లా దగ్గరపడనివ్వాలి. ఉప్పు వేయకండి, బేకన్‌లో కావలసినంత ఉంది.

బేకన్ ముక్కలు ఎనిమిది. చల్లని పెనం మీద పరిచి, అప్పుడు స్టవ్ వెలిగించాలి. ఈ ఒక్క సూత్రం పాటిస్తే బేకన్ చెడదు. కాలిన పెనం మీద వేస్తే కొవ్వు కరగకముందే మాంసం మాడి ముడుచుకుపోతుంది. సన్నని సెగకు కొవ్వు నిదానంగా కరిగి, ముక్క తన కొవ్వులోనే వేగుతుంది. కరకరలాడే ముందు, చెంచా బెల్లం పాకంలో చిటికెడు కారం, మిరియాల పొడి కలిపి ముక్కలకు రెండు వైపులా పూయండి. ఒక్కో వైపు అర నిమిషం చాలు. బెల్లం ముందే పూస్తే నల్లబడి చేదెక్కుతుంది. దించిన ముక్కలను కాగితం మీద పెట్టవద్దు, అంటుకుపోతాయి. జల్లెడ మీద ఆరనివ్వండి. పెనంలో మిగిలిన కొవ్వును వడకట్టి గిన్నెలో ఉంచుకోవాలి.

ప్యాటీకి అరకిలో పంది కీమా. భుజం భాగం అడిగి, ఎదురుగానే కొట్టించుకోండి. అయిదు వంతుల్లో ఒక వంతు కొవ్వు ఉండాలి, లేకపోతే ప్యాటీ పిడకలా ఎండిపోతుంది. ఎండాకాలం మార్కెట్ నుంచి ఇంటికి వచ్చేలోపే కీమా వేడెక్కుతుంది. గాలి 32 డిగ్రీలు దాటిన రోజున పచ్చి మాంసం గంటకు మించి బయట ఉండకూడదు. మే నెలలో మన ఊళ్లో ఉదయమే ఆ వేడి దాటుతుంది. ఐసు వేసిన డబ్బా తీసుకువెళ్లండి.

కీమాను చపాతీ పిండిలా పిసకవద్దు. నాలుగు భాగాలు చేసి, బన్ను కంటే కాస్త వెడల్పుగా, మధ్యలో బొటనవేలితో చిన్న గుంట పెట్టి ఒత్తండి. గుంట పెడితే వేగేటప్పుడు ఉబ్బి బంతిలా కాదు. ఉప్పు పెనం మీద వేసే క్షణంలోనే చల్లాలి. ముందే కలిపితే మాంసంలోని ప్రోటీన్ కరిగి జిగురుగా మారి, ప్యాటీ సాసేజ్‌లా సాగుతుంది. బేకన్ కొవ్వు రెండు చెంచాలు వేసి, పెనం బాగా కాలాక ప్యాటీలు వేయండి. అట్లకాడతో అదమవద్దు, రసం అంతా పెనం పాలవుతుంది. అడుగు ముదురు గోధుమ రంగుకు రాగానే తిప్పి, మంట తగ్గించి, మూత పెట్టి, మధ్యలో 71 చూపించేదాకా ఉంచాలి. ఆ రంగు, ఆ వాసన రుచికి కావాలి. దించే సమయం మాత్రం థర్మామీటరే చెప్పాలి.

బన్నులను కోసి అదే పెనం మీద లోపలి వైపు కాల్చండి. కింద బన్ను మీద ప్యాటీ, ఇష్టమైతే చీజ్, రెండు బేకన్ ముక్కలు, ఉల్లి జామ్. ఆకుకు బదులు నేను ఉప్పు, వెనిగర్‌లో అరగంట నానిన పచ్చి మామిడికాయ రేకులు పెడతాను. బెల్లం తీపికీ కొవ్వుకూ ఆ పులుపే సరిజోడు. లెట్యూస్ పెట్టేవాళ్లు ఒక్కో ఆకు విడదీసి, పారే నీటి కింద కడగాలి. పంది మాంసం తినని ఇంట్లో కోడి తొడ కీమాతో ఇదే పద్ధతిలో చేసి, బేకన్ బదులు వేయించిన కొబ్బరి ముక్కలకు ఆ బెల్లం పాకం పట్టించవచ్చు. అప్పుడు బేకన్ కొవ్వుకు బదులు నూనె వాడాలి, వేడి 74కు చేరాలి.

ఇది రోజూ తినే తిండి కాదని కూడా వేయండి. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఊరవేసి పొగబెట్టిన మాంసాలను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. రోజుకు 50 గ్రాముల చొప్పున తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. మా ఇంట్లో బేకన్ పుట్టినరోజులకే వస్తుంది.

వచ్చే ఆదివారం అనుబంధంలో ఆ బర్గర్ వంటకానికి సవరణ వేయమని కోరుతున్నాను. ఇకముందు కీమా వంటకం ఏది వేసినా పక్కన ఉష్ణోగ్రత అంకె ఉండాలి. థర్మామీటర్ గుచ్చే బొమ్మ కూడా వేస్తే ఇంకా మేలు. ప్యాటీకి దాన్ని పక్క నుంచి నడిమధ్యకు గుచ్చాలి. పై నుంచి గుచ్చితే కొన పెనానికి తగిలి, మాంసం వేడికి బదులు పెనం వేడి చూపిస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు, విశ్రాంత ఓడ వంటవాడు,
మల్కాపురం, విశాఖపట్నం.