ప్రకటన ఎక్కడ ముగుస్తుందో గీత గీయండి: పోటీ చట్టాలు చూసే మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారం.

తయారీదారులు చిల్లర వర్తకులకు పెట్టే కనీస ప్రకటన ధర మీద మీ శాఖ నిబంధనలు రాసేముందు ఒక్క విషయం గమనించాలని కోరుతున్నాం. దుకాణంలో ప్రకటన వేరు, అమ్మకం వేరు. ఆన్‌లైన్‌లో ఆ రెండూ ఒకే పేజీ. చిక్కంతా అక్కడే ఉంది.

ప్యాకెట్ మీద అచ్చయ్యే గరిష్ఠ ధరతో కనీస ప్రకటన ధరను కలపకూడదు. ఇది ఇంతకంటే తక్కువ అంకె ప్రకటనలో కనిపించకూడదని కంపెనీ పెట్టే షరతు. డీలరు ఎంతకు అమ్ముకున్నా అభ్యంతరం లేదని అందులోనే రాసి ఉంటుంది. కరపత్రంలో 100 వేసి, కౌంటరు దగ్గర బేరమాడినవారికి 85కి బిల్లు కొట్టవచ్చు. వెబ్‌సైటులో కరపత్రమూ కౌంటరూ ఒకటే కాబట్టి 100 అని పెట్టినవాడు 100కే అమ్మాలి.

"ధర కోసం కార్ట్‌లో వేయండి" అని పెట్టుకోవచ్చు కదా అంటారు కంపెనీవాళ్లు. ఆ దారి సగంలోనే మూసుకుపోతుంది. ధరలు పోల్చి చూపే సేవలకు డీలరు పంపిన ధరా, పేజీ మీది ధరా కలవకపోతే లిస్టింగ్ తిరస్కరణకు గురవుతుంది. ఇక కార్ట్‌లో కనిపించే అంకెను కూడా ప్రకటనగానే లెక్కగట్టే షరతులున్నాయి. అలాంటిచోట అమ్మకం ధరనే కట్టేసినట్టు, పేరేదైనా.

బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ 2016లో ఈ మాటే తేల్చింది. వాణిజ్య ఫ్రిజ్‌ల కేసులో ఐటీడబ్ల్యూ కంపెనీకి 22,98,820 పౌండ్ల జరిమానా వేసింది. అక్కడ తక్కువకు ప్రకటించిన డీలర్లకు సరుకు ఆపుతామని, కొనుగోలు ధర పెంచుతామని బెదిరింపులు వెళ్లాయి. అమెరికా దారి వేరు. లీగిన్ అనే కంపెనీ కేసులో 2007లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత అక్కడి ఫెడరల్ చట్టం కింద కనీస అమ్మకం ధరను కూడా కేసు కేసుకూ మంచిచెడ్డలు తూచి చూస్తున్నారు. అయినా అక్కడే, ఆ తీర్పుకు ముందు 2000లో, ఐదు పెద్ద సంగీత కంపెనీలు తమ సీడీల మీద ఈ షరతు వదులుకోవలసి వచ్చింది. వర్తకుడు సొంత డబ్బుతో వేసుకున్న ప్రకటనకూ, దుకాణం లోపలి ధర బోర్డుకూ వాటి షరతు పాకింది మరి.

ఇక అమలు. కంపెనీ పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ రోజుకు చాలాసార్లు లిస్టింగ్‌లను గాలించి మోడల్ నంబరు, అమ్మకందారు పేరు, సమయం, స్క్రీన్‌షాట్ దాచుకుంటుంది. మొదటి నోటీసుకు సరిదిద్దుకోవడానికి మామూలుగా 24 నుంచి 48 గంటలిస్తారు. రెండోసారికి కొన్నాళ్లు సరుకు బంద్. మూడోసారికి డీలర్‌షిప్పే పోవచ్చు. ఈ వరసలో తప్పు మొదలయ్యే చోటు ఒకటి, శిక్ష పడే చోటు మరొకటి. డీలరు కానివాడెవడో పక్కదారిన వచ్చిన సరుకును 90కి పెడతాడు. అది చూసి మార్కెట్‌ప్లేస్, అంటే పలువురు అమ్మకందారులకు చోటిచ్చి తానూ అమ్ముకునే సైటు, తన సొంత స్టాకును యంత్రంతోనే 90కి దించుతుంది. ధరలు తానే సరిపెట్టే సాఫ్ట్‌వేర్ వాడుతున్న డీలరు అందులో కింది హద్దు నింపకపోతే, నిద్రలేచేసరికి అతని ధర 89. నోటీసు వచ్చేది అతనికే, చిరునామా దొరికేది అతనిదే కనుక! మొదటివాణ్ని పట్టాలంటే ఆ వస్తువు కొని, సీరియల్ నంబరు చూసి, ఏ డిస్ట్రిబ్యూటరు దగ్గర జారిందో వెతకాలి. అంత ఓపిక తక్కువమందికే ఉంటుంది. పెద్ద మార్కెట్‌ప్లేస్‌కు సరుకు ఆపడానికేమో చేతులు రావు.

కంపెనీల వాదనలో పస లేదనం. వస్తువును విప్పి చూపించి, వాడకం నేర్పి, బిగించి ఇవ్వడానికి దుకాణానికి ఖర్చవుతుంది. అంతా చూసుకుని కొనుగోలుదారు తక్కువ ధర పెట్టిన సైటుకు పోతే ఆ సేవ చేసేవాడు మిగలడు. కానీ సీలు విప్పకుండా అమ్ముడుపోయే సరుకుకు ఈ కారణం వర్తించదు. ఏ వస్తువుకు ఏ సేవ కోసం షరతు పెట్టారో కంపెనీ రాసి ఉంచాలి, మీ అధికారులు అడిగితే చూపాలి.

కొనుగోలుదారు వస్తువును కార్ట్‌లో వేసిన క్షణంతో ప్రకటన ముగిసినట్టేనని నిబంధనలో స్పష్టంగా ఉండాలి. ఫోన్‌లో, మెయిల్‌లో అడిగినవారికి చెప్పే ధర కూడా షరతు బయటే. సైటంతటికీ పనిచేసే కూపన్, క్యాష్‌బ్యాక్, ఉచితంగా జతచేసే వస్తువు లెక్కలోకి వస్తాయో రావో షరతు ముందే చెప్పాలి. చెప్పకపోతే రావని అర్థం తీసుకోవాలి. నోటీసుకు స్క్రీన్‌షాట్, సమయం జతపరచకుండా సరుకు ఆపకూడదు. పొరపాటు యంత్రానిదైతే రెండు పనిదినాల గడువు దక్కాలి.

నోటీసు తర్వాత "ఇకపై తగ్గించను" అని రాయించుకోవడం ఆగాలి. కోల్గేట్ కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1919లో ఇచ్చిన తీర్పు ప్రకారం అక్కడ కంపెనీ తన షరతును ఏకపక్షంగా ప్రకటించి, పాటించనివాడికి సరుకు ఆపవచ్చు. హామీ తీసుకుని సరుకు మళ్లీ వదిలితే మాత్రం అది ఒప్పందం కిందికి వస్తుంది. ఆ తేడాను మన నిబంధనలో పెట్టండి. పోటీ డీలరు ఫిర్యాదు మీద కదిలిన ప్రతి నోటీసుకూ ఆ ఫిర్యాదు కాగితం భద్రపరచాలి. వర్తకులు కూడబలుక్కుని కంపెనీ చేత పెట్టించిన షరతును బయటపెట్టేది ఆ కాగితమే.

చివరిది: డీలర్లకు 100 అని గిరిగీసి, తన సొంత సైటులో 80కి పండగ అమ్మకం పెట్టే కంపెనీకి, ఆ అమ్మకం నడిచినన్నాళ్లూ డీలర్ల మీద షరతు అమలుచేసే హక్కు ఉండకూడదు.

ఇట్లు,
ధరల పట్టికలతో రోజూ కుస్తీపట్టే కొందరు చిల్లర వర్తకులు