2025 వార్షిక నివేదిక: ఆరోగ్య విభాగం

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారాలు. అర్కాన్సాలోని మన తెలుగు కుటుంబాలలో మందులు కొనేవారితో పాటు వాటిని అమ్మేవారూ ఉన్నారు. అందుకే ఈ ఏడాది మా విభాగానికి ఫార్మసీల యాజమాన్య చట్టంపై వచ్చినన్ని ప్రశ్నలు మరే అంశంపైనా రాలేదు.

బీమా కంపెనీల తరఫున ఏ మందుకు ఎంత చెల్లించాలో, ఏ ఫార్మసీని తమ జాబితాలో చేర్చుకోవాలో నిర్ణయించే మధ్యవర్తి సంస్థలను పీబీఎంలు అంటారు. ఏప్రిల్ 16న గవర్నర్ సారా హకబీ శాండర్స్ సంతకం చేసిన 624వ చట్టం, ఈ సంస్థలకు రాష్ట్రంలో సొంత ఫార్మసీలు ఉండరాదని నిర్దేశించింది. ఇటువంటి నిషేధం తెచ్చిన మొదటి రాష్ట్రం మనదే. ఎదుటి దుకాణానికి ఎంత ముట్టాలో తేల్చే అధికారం చేతిలో ఉన్నవారే పక్కన తామూ దుకాణం పెట్టుకుంటే ఆ లెక్క నిష్పక్షపాతంగా ఉంటుందా అన్నదే ఈ చట్టానికి మూలమైన ప్రశ్న. 2023లో దేశంలోని మందుల చీటీలలో దాదాపు 80 శాతం మూడే పీబీఎంల చేతుల మీదుగా నడిచాయని వ్యాపార పోటీని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నివేదించింది. ఆ మూడింటిలో కేర్‌మార్క్‌కు సీవీఎస్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్‌కు సిగ్నా, ఆప్టమ్ ఆర్‌ఎక్స్‌కు యునైటెడ్ హెల్త్ మాతృసంస్థలు.

అయితే ఇల్లలకగానే పండగ కాలేదు. సంస్థలు కోర్టుకెక్కగా, జులై 28న ఫెడరల్ న్యాయమూర్తి బ్రయన్ మిల్లర్ చట్టం అమలును తాత్కాలికంగా నిలిపివేశారు. ఇతర రాష్ట్రాల సంస్థలపై వివక్ష చూపుతున్నందున ఇది రాజ్యాంగంలోని వాణిజ్య నిబంధనకు విరుద్ధం కావచ్చని, సైనిక కుటుంబాల ఆరోగ్య పథకమైన ట్రైకేర్ విషయంలో ఫెడరల్ చట్టానిదే పైచేయి కావచ్చని ఆయన అభిప్రాయపడ్డారు. రాష్ట్రం అప్పీలుకు వెళ్లింది. ఫార్మసీలకు కొనుగోలు ధర కన్నా తక్కువ చెల్లించరాదన్న మన 2015 నాటి చట్టాన్ని 2020లో సుప్రీంకోర్టు 8-0తో సమర్థించిన మాట నిజమే కాని, అది చెల్లింపులకు సంబంధించినది. యాజమాన్యాన్నే నిషేధించడం అంతకన్నా పెద్ద అడుగు.

మన సభ్యులలోనూ ఏకాభిప్రాయం లేదు. సొంత ఫార్మసీ నడిపేవారు, కొన్న ధర కూడా తిరిగి రాని మందులను ఎన్నాళ్లు అమ్మగలమని అడిగారు. పెద్ద సంస్థల గొలుసు ఫార్మసీలలో (చెయిన్ స్టోర్లలో) ఉద్యోగం చేసేవారు, వీసా ఉద్యోగంతో ముడిపడి ఉండగా దుకాణం మూతపడితే తమ గతేమిటని అడిగారు. ఖరీదైన ప్రత్యేక మందులు తపాలాలో తెప్పించుకునేవారి ఆందోళన వేరు. నియంత్రణ అవసరమేనని, మారడానికి రోగులకూ ఉద్యోగులకూ ఇచ్చిన వ్యవధి మాత్రం చాలలేదని కార్యవర్గంలో ఎక్కువమంది భావించారు. ఈ భేదాభిప్రాయాల వల్ల సంఘం పేరిట శాసనసభ్యులకు లేఖ రాయలేదు.

కోర్టు ఉత్తర్వు ఉన్నంతకాలం ఈ చట్టం కారణంగా ఎవరూ ఫార్మసీ మార్చుకోనవసరం లేదు. తీర్పు వెలువడ్డాక లేఖ విషయం మళ్లీ చేపట్టాలా వద్దా అన్నది రాబోయే సర్వసభ్య సమావేశంలో ఓటింగుకు పెడుతున్నాము.

ఇట్లు,
ఆరోగ్య విభాగం, కార్యవర్గం తరఫున